బరువు చూసి కొన్న ల్యాప్‌టాప్

పోయిన వారం మా వీధి చివరి ఇంటావిడ, దాదాపు నా ఈడుదే, ఒక రంగు కాగితం మడిచి కొంగులో దోపుకుని పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. మనవడికి తిరుపతిలో కాలేజీ సీటు వచ్చిందట, ల్యాప్‌టాప్ కొనాలట, కొట్టువాడు ఆ కాగితంలో రెండు బొమ్మల చుట్టూ పెన్నుతో సున్నాలు చుట్టి, రెండింటి ధరా ఇంచుమించు ఒకటే, ఏది కావాలో ఇంట్లో మాట్లాడుకుని రండి అని పంపాడట. మీ ఇంట్లో ముందే కొని ఉన్నారు కదా, వీటిలో ఏది గట్టిదో నువ్వైతే చెప్పగలవు అంటూ కాగితం నా ముందర పరిచింది. నేను దాని వైపు చూడను కూడా చూడకుండా, వాడుకునే పిల్లవాణ్ణి అడుక్కోక నన్నెందుకు అడుగుతావు అని కసిరినట్టే అన్నాను. ఆమె మొహం చిన్నబుచ్చుకుని కాగితం మళ్లీ మడుచుకుని వెళ్లిపోయింది. పొయ్యి మీద కాఫీ పొంగుతూ ఉంది, ఒక గుక్క తాగి వెళ్లమని కూడా నా నోట రాలేదు.

ఆమె మీద నాకేమీ కోపం లేదు. ఒకే ధర పలికే రెండు వస్తువులను పక్కపక్కన పెట్టి ఏది తీసుకుందాం అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు అరచేతుల్లో చెమట పడుతుంది. ఒకప్పుడు అలా ఉండేది కాదు. ఒకప్పుడు ఇలాంటి విషయాల్లో నేను ఎవరినీ అడిగేదాన్ని కాదు, అందరూ నన్నే అడిగేవాళ్లు.

నా చదువు మూడో తరగతితో సరి. మా నాయన బడి మాన్పించి దూడల వెంట పంపించాడు. పెళ్లయి చిత్తూరుకు వచ్చాక మా ఆయనతో పాటు నేనూ బెల్లం మండీలో పనికి చేరాను. ఆయన మూటలు మోసేవాడు, నేను ఇంకో పదిమంది ఆడవాళ్లతో కూర్చుని దిమ్మెలు ఏరేదాన్ని. ఒకే అచ్చులో పోసిన దిమ్మెలు పైకి అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి, రంగూ అదే, ఎత్తూ అదే. కానీ రెండు చేతుల్లోకి రెండు ఎత్తుకుని చూస్తే తేలిగ్గా ఉన్నదాంట్లో ఎక్కడో డొల్ల ఉంటుంది, పగలగొడితే లోపల గాలి తప్ప ఏమీ ఉండదు. బరువుగా ఉన్నది నిండుగా ఉంటుంది. త్రాసు దగ్గరికి పోకముందే ఇది మూటలోకి, ఇది పక్కకి అని నేను విడదీస్తుంటే మండీ యజమాని మారు మాట్లాడేవాడు కాదు. పద్నాలుగేళ్లు ఆ పని చేశాను. ఇంటికొచ్చి ఎన్ని నీళ్లతో కడిగినా చేతుల జిగట పోయేది కాదు, మా పాప నిద్రలో కూడా నా వేళ్లు నోట్లో పెట్టుకుని చప్పరించేది. ఆ పాపే ఇప్పుడు నాతో ఉన్న నా కూతురు, దానికి ఇప్పుడు కళ్లజోడు వచ్చింది, తల సగం నెరిసింది.

మండీ పని మానేసినా చేతుల అలవాటు పోలేదు. ఇత్తడి బిందె కొన్నా, రోలు కొన్నా, చివరికి చెప్పులు కొన్నా అంతే, రెండు చేతుల్లో రెండు పట్టుకుని కాసేపు అలా నిలబడి, బరువుగా ఉన్నది తీసుకునేదాన్ని. అలా తెచ్చిన మిక్సీ మా ఇంట్లో పద్దెనిమిదేళ్లు తిరిగింది. మా తోడికోడలు నా మాట వినకుండా తేలికపాటిది సోకుగా ఉందని తెచ్చుకుంటే, అది రెండో ఏడే పొగ చిమ్మి ఊరుకుంది. ఆ తరువాత మా వైపు చుట్టాల్లో ఎవరు ఏం కొనాలన్నా నన్ను వెంటబెట్టుకుని పోవడం మొదలుపెట్టారు. నేనూ అది నాకు దక్కాల్సిన మర్యాదే అనుకున్నాను. కొట్లో అందరి ముందర వస్తువును ఎత్తి చూస్తుంటే, కొట్టువాళ్లు బెరుగ్గా నా మొహం వైపు చూస్తుంటే, అబద్ధమెందుకు, బాగానే ఉండేది.

మా ఆయన పోయాక చిత్తూరు వదిలేసి చంద్రగిరిలో మా నాయన ఇచ్చిన రెండు గదుల ఇంటికి వచ్చేశాను. అల్లుడు కూడా చిన్న వయసులోనే పోవడంతో కూతురు తన బిడ్డను చంకనేసుకుని నా దగ్గరికే చేరింది. ముగ్గురం ఆడవాళ్లమే. కూతురు తిరుపతిలో ఒక లాడ్జీలో గదులు ఊడ్చి దుప్పట్లు మార్చే పనిలో కుదిరింది. నేను రెండు ఆవులను పెట్టుకుని పాలు పోసేదాన్ని. మనవరాలు చదువుకునేది. ఇంట్లో ఏ పూట ఏం వండాలి, ఏ పండక్కి ఎవరికి గుడ్డలు తీయాలి, పిల్లకు ఏ బస్సు మంచిది, అన్నీ నేను చెప్పినట్టే జరిగేవి. గట్టిదాన్నని ఊళ్లో పేరు, మా ఇంటి మెట్టు ఎక్కి చక్కెర అప్పడగడానికి కూడా జంకేవాళ్లు. మూడు పొట్టలు నిండాలంటే ఎవరో ఒకరు అలా ఉండక తప్పదని నా లెక్క.

కరోనా రెండో ఏడు వచ్చినప్పుడు అంతా తలకిందులైంది. కొండకు జనం రావడం ఆగిపోతే తిరుపతిలో లాడ్జీలన్నీ మూతపడ్డాయి, కూతురు నెలల తరబడి ఇంట్లో కూర్చుంది. తరువాత ఆ లాడ్జీనే రోగులను పెట్టడానికి తీసుకుని, పాత పనివాళ్లను రమ్మన్నారు. పోతే జబ్బు, పోకపోతే ఆకలి. పోయింది. వారం అక్కడే ఉండి, ఒక్క రోజుకు ఇంటికి వచ్చేది. వచ్చినా గేటు దగ్గరే ఆగి, పెరట్లో తలస్నానం చేసి, కట్టుకున్న చీర వేడినీళ్లలో ముంచి, పశువుల కొట్టం పక్కన వేరే చాప వేసుకుని పడుకునేది. అన్నం పెట్టిన పళ్లెం నేను కర్రతో ముందుకు నెట్టేదాన్ని. కన్నకూతురికి అన్నం కర్రతో నెట్టిన చేయి ఇది.

అట్లాంటి రోజుల్లో ఒక శుక్రవారం మనవరాలికి కాలేజీ అయ్యవారు ఫోన్ చేశాడు. డిగ్రీలో కంప్యూటర్ చదువు చివరి ఏడు దానికి. బెంగళూరు వైపు ఏదో కంపెనీ వాళ్లు మొదటి వడపోతలో వాళ్ల కాలేజీ నుంచి నలుగురిని తీసుకున్నారట, అందులో మా పిల్ల ఒకతె. సోమవారం పొద్దున పది గంటలకు ఇంటి నుంచే అసలు పరీక్ష రాయాలి, ఫోన్‌లో రాస్తే ఒప్పుకోరు, కెమెరా ఉన్న ల్యాప్‌టాప్ ఉండి తీరాలి. ఆ పరీక్ష గెలిస్తే నెల తిరిగేసరికి ఉద్యోగం, అది కూడా ఇంట్లో కూర్చుని చేసేది. పిల్ల ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయింది. దాని మొహంలో సంతోషం కంటే భయమే ఎక్కువ కనిపించింది నాకు. ఆ ఉద్యోగం వస్తే వాళ్లమ్మ ఆ లాడ్జీకి పోనక్కరలేదు. నాకైనా, దానికైనా ఇంకో ఆలోచనే లేదు. అంతకు ముందు వారమే వాళ్లమ్మతో కలిసి ఊడ్చే ఆమె జ్వరంతో పోయి, మళ్లీ ఇంటికి రాలేదు.

రెండు ఆవుల్లో పాలిచ్చేదాన్నే అమ్మాను, వట్టిపోయినదాన్ని అడిగేవాడు లేడు. పొద్దుగుంకేలోగా బేరం చేసుకుని తోలుకుపోయారు. దాని దూడ గురించి రాయను.

శనివారం పొద్దున్నే ఆటో మాట్లాడుకుని తిరుపతికి పోయాం. బస్సులు సరిగా లేవు, కొట్లు కూడా మధ్యాహ్నం వరకే తెరిచేవాళ్లు, పన్నెండు కొట్టగానే పోలీసులు ఈలలు వేసుకుంటూ వచ్చి మూయించేవాళ్లు. పిల్లలందరికీ ఇళ్లలోనే చదువులు కావడంతో ల్యాప్‌టాప్‌లన్నీ ఎప్పుడో అయిపోయాయట. మొదటి కొట్లో లేవన్నారు. రెండో కొట్లో వారం ఆగమన్నారు. నాకు మోకాళ్ల నొప్పి, పిల్ల చేయి పట్టుకుని, ముక్కూ మూతీ కట్టుకున్న గుడ్డలో ఊపిరాడక, ఎండలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాం. మూడో కొట్టు చేరేసరికి పదకొండు దాటింది. ఆయన దగ్గర సరిగ్గా రెండే మిగిలాయి. మా వెనకాలే ఒక పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు, ఆయనకూ ఒకటి కావాలి.

కొట్టాయన రెండింటినీ బల్ల మీద పెట్టాడు. రెండింటికీ ఐదు వందలు తేడా, అంతే. ఒకటి పెద్దది, మందంగా, నల్లగా, పక్కన సీడీలు పెట్టుకునే సొరుగు కూడా ఉన్నది. రెండోది చిన్నది, అప్పడంలాగా పలచగా ఉంది. ఆయన మమ్మల్ని మోసం చేయలేదని ఇక్కడే రాసేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టే చెప్పాడు.

"రెండూ మంచివేమా. సిన్నదాంట్లో జాగా తక్కువ, కానీ బిరబిరా తెరుచుకుంటాది. పెద్దదాంట్లో జాగా నాలుగింతలు ఉండాది, తెరుచుకునేది రవ్వంత నిదానం. ఏది కావాలో తొందరగా చెప్పండి, పోలీసోళ్లు వచ్చేస్తారు."

నాలుగింతలు అన్న మాట ఒక్కటే నా చెవికి ఎక్కింది. పిల్ల మాత్రం చిన్నదాని మీద చేయి వేసి ఉంది. అది ఎప్పుడూ నాకు ఎదురు చెప్పే పిల్ల కాదు, ఆ రోజు మాత్రం నా చెవి దగ్గరికి వంగి మెల్లగా చెప్పింది.

"అవ్వా, సిన్నదే తీసుకుందాం. పెద్దదాంట్లో లోపల డిస్కు తిరగతాది, అందుకే అది నిదానం. దీంట్లో తిరిగేదేమీ లేదు, అందుకే తేలిగ్గా ఉండాది."

"తిరిగేదే లేకపోతే అది మిషనెట్లయితాదే? అంత దుడ్డు పోసి గాలి కొనుక్కుని పోదామా?"

అని, కొట్టాయనను అడగకుండానే రెండింటినీ చెరో చేతిలోకి ఎత్తుకున్నాను. కుడి చేతిలో పెద్దది, ఎడమ చేతిలో చిన్నది. కళ్లు కూడా మూసుకున్నాననుకుంటాను, మండీలో అలాగే చేసేదాన్ని. కుడి చేయి కిందికి దిగింది. ఎడమ చేతిలో ఉందో లేదో తెలియనంత తేలిక. ఆవు పోయి, కూతురు ఆ రోగుల మధ్య ఉండి, ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తున్న రోజున, ఇచ్చిన డబ్బుకు తగినంత వస్తువు చేతికి తగలాలని నా ప్రాణం కొట్టుకుంది. నా వెనక ఉన్న పెద్దమనిషి ముసిముసిగా నవ్వాడు. కొట్టాయన కూడా ఊరుకోలేదు.

"ఏమవ్వా, ఇదేమన్నా బెల్లమా, తూకమేసి సూస్తా ఉండావు?"

"బెల్లమైనా ఇనుమైనా దుడ్డు నాదే కదప్పా," అన్నాను.

ఆయనకు తెలియకుండానే సరిగ్గా నా పాత పనినే ఎత్తిపొడిచాడు, నాకు దాంతో పంతం ఇంకా పెరిగింది. పిల్ల మళ్లీ ఏదో చెప్పబోయింది. మొబైల్‌లో తీసి ఏవో అంకెలు చూపించింది, వాళ్ల కాలేజీ అయ్యవారు కూడా ఇలాంటిదే తీసుకోమన్నాడని చెప్పింది. అవ్వను నిలబెట్టి ఎదురు మాట్లాడడం తగదని, ఇంట్లో ఇన్నాళ్లు తిన్న అన్నం ఎవరి లెక్క మీద వచ్చిందో గుర్తుపెట్టుకోమని, నలుగురి ముందరే గట్టిగా అన్నాను. దాని చేయి మెల్లగా ఆ చిన్నదాని మీద నుంచి జారింది. బయట ఈల వినబడింది. కొట్టాయన షట్టర్ సగం దించాడు. నేను కుడి చేతిలోది బల్ల మీద పెట్టి ఇదే కట్టమన్నాను, దానితో పాటు సంచీ ఊరికే ఇవ్వాలని కూడా బేరం చేశాను. ఎడమ చేతిలోది దించానో లేదో వెనక పెద్దమనిషి అందుకుని, డబ్బు కూడా అక్కడికక్కడే ఇచ్చేశాడు. ఆయన దాన్ని చంకలో పుస్తకంలాగా పెట్టుకుని షట్టర్ కింద నుంచి వంగి వెళ్లిపోవడం పిల్ల చూస్తూనే ఉంది.

ఇంటికి వచ్చి తెరిచాం. మీట నొక్కితే ఒక తెల్లటి చుక్కల వలయం గిర్రున తిరగడం మొదలైంది. నేను పొయ్యి వెలిగించి, ఎసరు పెట్టి, బియ్యం కడిగి వచ్చాను, ఇంకా తిరుగుతూనే ఉంది. కొత్తది కదా, పుంజుకుంటుందిలే అని నేనే అన్నాను. ఆదివారం పొద్దున అది దానంతట అదే ఏవో దింపుకోవడం మొదలుపెట్టింది, ఆపితే చెడిపోతుందట, ఆపకూడదట. పొద్దు వాలేవరకు ఆ వలయం అలా తిరిగింది. పిల్ల దాని ముందు నుంచి లేవలేదు, సద్ది కూడా అక్కడికే తెమ్మంది. లోపల నుంచి గుర్రుగుర్రుమని ఏదో తిరుగుతున్న చప్పుడు, అడుగున చేయి పెడితే కాలిన పెనంలాగా వేడి. నేను ఏరి తెచ్చిన తిరిగేది అదేనని నాకు అప్పుడే అనుమానం తగిలింది, కానీ నోరు తెరవలేదు. తీసుకుపోయి మార్చుకుందామంటే ఆదివారం కొట్లు లేవు, ఆయన దగ్గర మార్చుకోవడానికి ఇంకోటీ లేదు. వీధిలో ఇంకెవరి దగ్గరైనా ఉందేమోనని చీకటి పడేలోగా నాలుగిళ్లు అడిగాను. ఎవరి గడపా ఎక్కి ఏదీ అడగని దాన్ని, ఆ రోజు గేట్ల దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బతిమాలాను. ఒకరింట్లో ఉంది, వాళ్లకు జ్వరాలు, తలుపు తీయలేదు.

సోమవారం ఏడు గంటలకే పిల్ల స్నానం చేసి, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు తల దువ్వుకుని, దాని ముందు కూర్చుంది. నేను వీధంతా తిరిగి పదీ పదకొండు మధ్య ఎవరూ మిక్సీ తిప్పొద్దని, పిల్లలను అరవనీయొద్దని చెప్పి వచ్చాను. దూడ అరుస్తుందని దాన్ని రెండిళ్ల అవతల కట్టేశాను. పది కొట్టేసరికి పరీక్ష పెట్టేవాళ్లకు పిల్ల కనబడేలా కెమెరా తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. తెరమీద పిల్ల మొహం సగం వచ్చి ఆగిపోయింది, కన్నూ ముక్కూ ఒక పక్క, మిగతాదంతా నలుపు. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. పిల్ల దాన్ని ఆపి మళ్లీ తెరిచింది, మళ్లీ ఆ వలయం. అయ్యవారికి ఫోన్ చేస్తే, కాచుకోమ్మా, నా చేతుల్లో ఏమీ లేదు, పరీక్షకు మాత్రం టైము నడుస్తానే ఉంటుంది అన్నాడు. పదీ ముప్పావుకు మొహం మొత్తం వచ్చింది, ప్రశ్నలు తెరుచుకున్నాయి, గంట పరీక్షలో పావుగంట మిగిలింది.

ఒక్కొక్క ప్రశ్నకు నొక్కితే రెండోది రావడానికి నేను ఊపిరి పట్టుకుని వదిలేంత సేపు పడుతోంది. అడుగు కాలిపోతోంది, వేడెక్కితే ఇంకా నిదానిస్తుందని పిల్ల అంతకు ముందే చెప్పింది. గదిలో ఇంకో మనిషి కనబడితే పరీక్ష రద్దు చేస్తారు. అందుకని నేను నేల మీద పడుకుని, పాకుతూ బల్ల కిందికి చేరి, తాటాకు విసనకర్రతో కింద నుంచి దానికి విసరడం మొదలుపెట్టాను. నా మనవరాలి పాదాలు నా మొహం ముందర ఉన్నాయి. రెండూ వణుకుతున్నాయి. విసనకర్ర చప్పుడు వినబడకూడదు, ఆపకూడదు. చేతులు లాగేస్తున్నా, నేలకు ఆనిన మోకాలు పొడుస్తున్నా ఆపలేదు. అలా పడుకుని ఏ దేవుణ్ణీ పిలవలేదు నేను, ఆ పైన తిరుగుతున్నదాన్ని పిలిచాను. తిరగమ్మా, తొందరగా తిరుగు, ఈ ఒక్క పూటకు తిరుగు అని లోపల లోపల వేడుకున్నాను. కాసేపటికి పిల్ల పాదాలు వణకడం మానేశాయి. తరువాత పిల్ల కిందికి వంగి, లేయవ్వా, అయిపోయింది అంది.

ముప్పై ప్రశ్నలకు అది నొక్కగలిగినవి ఏడు. సాయంత్రానికి ఫోన్‌కు రెండు ముక్కల కబురు వచ్చింది, తీసుకోలేమని. మిగతా ముగ్గురినీ తీసుకున్నారు.

ఆ రోజే కూతురు వారం పని ముగించి వచ్చింది. గేటు దగ్గరే ఆగి, మా మొహాలు చూసి, ఏమైందని అడిగింది. నేను చాప చుడుతున్నాను. చెప్పాల్సింది నేను. నోరు తెరిచేలోగా పిల్ల చెప్పేసింది.

"పరీక్ష పోయింది మా. నేనే పెద్దది కావాలని పట్టు పట్టినా, అది తెరుచుకోలే. అవ్వ సిన్నదే సాలనింది."

కూతురు స్నానం కూడా చేయకుండా, ఆ చీరతోనే గేటుకు అవతల నిలబడి దాన్ని తిట్టింది. అలా ఏడుస్తూ తిట్టడం నేను అంతకు ముందు వినలేదు.

"పాడి ఆవునమ్మి చేతికిస్తే సోకు సూసుకుంటివా? నేను యాడ ఉండి వస్తా ఉండానో నీకు తెలుసు కదే. ఇంక నన్ను ఆడికే పొమ్మంటావా?"

పిల్ల తల వంచుకుని నిలబడింది. నేను చాప చుట్టడం పూర్తిచేసి, దాన్ని గోడకు నిలబెట్టి, నీళ్లు కాగాయని చెప్పి లోపలికి పోయాను. ఎవరైనా తూకంలో ఒక్క పలుకు తక్కువేస్తే నడివీధిలో నిలదీసే మనిషిని, ఆ రోజు అంత పెద్ద అబద్ధం నా ముందర జరుగుతుంటే వేడినీళ్ల గురించి మాట్లాడాను. ఎందుకంటే ఆ ఇల్లు నా మాట మీద నడుస్తోంది. ఆవు పోయింది, దాంతో నా పాల పని పోయింది, ఉద్యోగం పోయింది, ఇక నా మాట కూడా చెల్లదని తేలితే ఆ ఇంట్లో నాకు మిగిలేదేమిటో నాకు తోచలేదు. భయపడ్డాను. మరునాడు కూతురు మళ్లీ ఆ లాడ్జీకి పోయింది. ఆ జబ్బు దానికీ తగిలింది, పదహారు రోజులు ఆస్పత్రిలో పడి ఉండి ఎముకల గూడులా ఇంటికి వచ్చింది. ఆ పదహారు రోజులూ నేను పిల్ల వైపు నేరుగా చూడలేకపోయాను, అదేమో నాకు వేళకు మందు బిళ్లలు ఇస్తూనే ఉంది.

చాలా నెలల తరువాత ఒకసారి, మేమిద్దరమే చింతపండు గింజలు తీస్తున్నప్పుడు, ఎందుకే అలా చెప్పావు అని అడిగాను. అది తలెత్తకుండానే చెప్పింది.

"అమ్మకు నామీద కోపమొస్తే రెండ్రోజులుంటాది అవ్వా. నీమీదొస్తే ఇంట్లో మాటలుండవు. ముగ్గురమే కదా మనం ఉండేది."

ఇప్పుడు దానికి చెన్నైలో ఉద్యోగం ఉంది. అంతకు ముందు రెండేళ్లు ఒక ఆస్పత్రిలో బిల్లులు కొట్టింది, ఆ బరువు ల్యాప్‌టాప్‌ను వీపున మోసుకుని సాయంత్రాలు ఇంకేదో నేర్చుకోవడానికి పోయి, చిన్నగా పైకి వచ్చింది. మొదటి జీతంతో ఆవును కొందామంది, నాకు ఓపిక లేదని నేనే వద్దన్నాను. కూతురు లాడ్జీ పని మానేసింది, కానీ మెట్లు ఎక్కితే ఇప్పటికీ ఆయాసం. చుట్టాలెవరైనా వచ్చినప్పుడు నవ్వుతూ ఆ కథ చెబుతుంది, మా పిల్ల సోకుకు పోయి పెద్దది కొని బెంగళూరు ఉద్యోగం పోగొట్టుకుందని, మా అమ్మ వద్దన్నా వినలేదని. పిల్ల ఉంటే అదీ నవ్వుతుంది. నేను కాఫీ కలిపే నెపంతో లోపలికి పోతాను. ఇన్నేళ్లుగా ఎన్ని కాఫీలు కలిపానో నాకే తెలియదు.

నేను రాసినవి మొదట చదివేది నా కూతురే, అక్షరాలు సరిచేసి పెట్టేది అదే. ఈ కాగితాలు కూడా దాని చేతికే ఇస్తాను. ఆ కొట్లో వద్దన్నది నీ బిడ్డేనమ్మా, వినని దాన్ని నేను. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం ఈ వయసులో కూడా రాలేదు, అందుకే ఇలా రాసి ఇస్తున్నాను. చదివాక ఇంట్లో మాటలుండకపోతే, ఆ మాటల్లేని రోజులు ఎప్పుడో మొదలు కావాల్సినవి, నీ బిడ్డ వాటిని ఇన్నాళ్లు ఆపి పెట్టింది.

ఇక ఇది చదివే నా ఈడు వాళ్లతో ఒక మాట. మన చిన్నప్పుడు వస్తువులు చేతికి తమ సంగతి చెప్పేవి, పెద్దవాళ్ల చేతులు వాటిని వినేవి, పిల్లలు ఆ పెద్దవాళ్లను వినేవాళ్లు. ఇప్పుడు ఆ వరస అంతా పోయింది, పోవడం కూడా న్యాయమే. అయినా మన ఈడు వాళ్లం నలుగురం ఎక్కడ కలిసినా, ఈ కాలం పిల్లలు పెద్దల మాట వినరని చెప్పుకుని బాధపడుతుంటాం, నేనూ అందరితో పాటు తల ఊపుతుంటాను. మా పిల్ల మాత్రం ఆ రోజు విన్నది.